హద్దు తప్పిన అంకెలు, మందగించే యంత్రాలు

(ఉగాది ఉత్సవ సందర్భమున గాంధీపురంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది సభలో పంచాంగ శ్రవణమో, కవితా గానమో, పూర్వుల చరిత్రో వినడం మన అలవాటు. విశ్వనాథ నాయకుని కాలంలో మధురకు మనవారు ఎట్లా వచ్చారో, కోయంబత్తూరు సీమలో ఎట్లా నిలదొక్కుకున్నారో ఇతర పెద్దలు చెప్పనే చెబుతారు. మమ్ములను మాత్రం మన పిల్లలు చేస్తున్న పనిని గురించి, ఇంట్లోని పెద్దలకు కూడా అర్థమయ్యేటట్లు నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈ ఊళ్లో మన పిల్లలు చాలామంది చేసే పని యంత్రాల పని. అందులోనూ ఈ కాలంలో యంత్రాల కడుపులో కూర్చుండే చిన్న చిన్న కంప్యూటర్ల పని. ఆ కంప్యూటర్లలో పైకి కనపడని ఒక లోపాన్ని గురించి ఈ సాయంకాలం మాట్లాడదలచాము. అంకెలు జ్ఞాపకశాలలో హద్దు తప్పి కూర్చోవడమే ఆ లోపం. దానివల్ల యంత్రం నెమ్మదిస్తుంది. కొన్ని చోట్ల బొత్తిగా నిలిచిపోతుంది. అన్నిటికంటె చెడ్డదేమంటే, కొన్ని చోట్ల నిలిచిపోకుండానే తప్పు లెక్క చెబుతుంది.

మన ఊరికి యంత్రం కొత్త చుట్టం కాదు. 1888లోనే స్టేన్సు దొరవారి నూలు మిల్లు ఇక్కడ వెలసింది. 1930 తరువాతి తొలి సంవత్సరాలలో నీలగిరులమీదనుంచి పైకారా విద్యుచ్ఛక్తి దిగి వచ్చింది. దానితో మిల్లులు ఒకదాని వెంట ఒకటి లేచాయి. 1937లో జి. డి. నాయుడుగారు, డి. బాలసుందరం నాయుడుగారు పీలమేడులో విద్యుత్ మోటారు తయారుచేయించారు. మన దేశంలో తయారయిన మొదటి మోటారు అదేనని చెప్పుకుంటాం. 1951లో పి. ఎస్. జి. సాంకేతిక కళాశాల, 1956లో దక్షిణ భారత జౌళి పరిశోధన సంఘమైన 'సిట్రా', 1962లో జి. కె. దేవరాజులుగారి లక్ష్మీ మెషిన్ వర్క్సు ఏర్పడినాయి. ఈ పేర్లలో తెలుగు ఇళ్ల పేర్లు ఎన్ని వున్నవో ఈ సభవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆనాటి యంత్రానికి తెలివి పళ్లచక్రంలోనూ, పట్టాలోనూ, తుల్యం చేసే బరువులోనూ వుండేది. మేస్త్రీ చెవి పెట్టి వింటే ఎక్కడ అరుగుతున్నదో తెలిసేది. ఈనాడు రింగు ఫ్రేములోనూ, బావిగట్టుమీద పంపుసెట్టు పెట్టెలోనూ, కిరాణా కొట్టు తూకపు యంత్రంలోనూ, గోడమీది కరెంటు మీటరులోనూ గోరంత చిప్పు ఒకటి కూర్చుని లెక్కలు చేస్తున్నది. దాన్ని మైక్రోకంట్రోలరు అంటారు. అది అరిగితే శబ్దం రాదు. అది తడబడితే చెవికి తెలియదు. అందుచేత దాని నడక తెలిసినవాడు తయారుచేసేటప్పుడే జాగ్రత్తపడవలసి వుంటుంది.

జ్ఞాపకశాల అంటే మెమరీ. దాన్ని ఒక పొడుగాటి వీధి అనుకోండి. వీధికి ఒకే వైపున చిన్న చిన్న గదులు. ప్రతి గదికీ ఒక నంబరు. నంబర్లు సున్నతో మొదలవుతాయి. గదికి బైటు అని పేరు. ఒక్కొక్క గదిలో 0 మొదలు 255 దాకా ఏదో ఒక అంకె మాత్రమే పట్టుతుంది. అంతకు మించిన సంఖ్య వస్తే రెండు గదులు కావాలి. ఇంకా పెద్దదయితే నాలుగు గదులు కావాలి. మిల్లులో రోజుకు ఎన్ని మీటర్ల నూలు వడికారో, మోటారు ఎన్ని యూనిట్లు కాల్చిందో చెప్పే సంఖ్యలన్నీ నాలుగు గదుల సంసారాలే.

ఇక్కడొక మెలిక వున్నది. ఈ చిప్పులలో ఎక్కువ రకాలు ఒక్కొక్క గది తలుపు తట్టి తీసుకోవు. నాలుగేసి గదులను కలిపి ఒక సొరుగులాగా ఒక్కసారి లాగుతాయి. 0, 1, 2, 3 ఒక సొరుగు. 4, 5, 6, 7 మరొక సొరుగు. 8 నుంచి 11 దాకా ఇంకొకటి. సొరుగుల హద్దులు మారవు. తయారుచేసిననాడే తీగెలతో బిగించినవి. ఒక సంఖ్య 4వ గదిలో మొదలయి 7లో ముగిస్తే, సొరుగు ఒక్కసారి లాగితే చాలు, సంఖ్య చేతికి వస్తుంది. అదే సంఖ్య 5వ గదిలో మొదలయిందనుకోండి. అది 5, 6, 7, 8 గదులలో వుంటుంది. మూడు గదులు ఒక సొరుగులో, నాలుగవది పక్క సొరుగులో. రెండు సొరుగులూ లాగాలి. మొదటిదాంట్లో అక్కరలేనిది తీసివేయాలి. రెండవదాంట్లోనుంచి కావలసిన ముక్క తెచ్చి అతికించాలి. మొదటి విధంగా వున్నదాన్ని హద్దు కలిసిన సంఖ్య అందాం. రెండవదాన్ని హద్దు తప్పిన సంఖ్య అందాం. రెండు గదుల సంఖ్య సరి నంబరు గదిలో మొదలుకావాలి. నాలుగు గదులది నాలుగు భాగించే నంబరులో మొదలుకావాలి. సూత్రమంతా ఇంతే.

ఇది ఈనాడు పుట్టిన చిక్కు కాదు. 1964లో ఐ. బి. ఎం. వారు ప్రకటించిన సిస్టమ్ 360 యంత్రాలలో హద్దు తప్పిన సంఖ్యను అడిగితే యంత్రం ఆ పని నిరాకరించి ప్రోగ్రామును ఆపేది. 1970లో వచ్చిన సిస్టమ్ 370 ఆ నిబంధనను సడలించింది. 1978లో ఇంటెల్‌వారి 8086 వచ్చింది. రెండు గదుల సంఖ్య బేసి నంబరులో మొదలయితే అది నిరాకరించదు గాని, నాలుగు క్లాకు దెబ్బలు అదనంగా తీసుకుంటుంది. క్లాకు దెబ్బ అంటే చిప్పు లోపలి గడియారం కొట్టే ఒక్కొక్క దెబ్బ; చిప్పు చేసే ప్రతి పనీ ఆ దెబ్బలలోనే లెక్క. మరుసటి సంవత్సరం, 1979లో వచ్చిన మోటరోలా 68000 అట్లాంటి సంఖ్యను అసలు ముట్టనని మొరాయించేది. 1984లో దాని వారసుడు 68020 ముట్టడానికి ఒప్పుకున్నది. కాబట్టి యంత్రాలలో మొదటినుంచీ మూడు స్వభావాలు వున్నాయి: మొరాయించేవి కొన్ని, ఆలస్యంగా చేసేవి కొన్ని, ఏమీ అనకుండా తప్పు చేసేవి కొన్ని.

ఈ మూడవ స్వభావానికి పేరుపొందినది ఏ. ఆర్. ఎం. ఏడవ తరం చిప్పు. చాలా సంవత్సరాలు చేతి ఫోన్లలోనూ, మీటర్లలోనూ అది విరివిగా పని చేసింది. హద్దు తప్పిన నాలుగు గదుల సంఖ్యను అడిగితే అది పక్క సొరుగు దాకా పోదు. మొదటి సొరుగునే లాగి, లోపలి నాలుగు అంకెలనూ చక్రంలాగా తిప్పి చేతికి ఇస్తుంది. 1వ గదినుంచి కావాలంటే 1, 2, 3 గదులలోనివి సరిగా వస్తాయి. నాలుగవదిగా 4వ గదిలోనిది రావలసిన చోట 0వ గదిలోనిది వచ్చి కూర్చుంటుంది. ఎర్రదీపం వెలగదు, గంట మోగదు. లెక్క మాత్రం తప్పు. ప్రోగ్రాము వ్రాసినవాడు తన సూత్రంలో తప్పు వెతుకుతూ వారాలు గడుపుతాడు.

ఇప్పుడు మన పిల్లలు ఎక్కువగా వాడే చిప్పుల సంగతి. ఏ. ఆర్. ఎం. వారి కార్టెక్స్ వర్గంలో అన్నిటికంటె చిన్నవి ఎం-జీరో, ఎం-జీరో ప్లస్. చవకవి, కరెంటు తక్కువ తాగేవి. ఇవి హద్దు తప్పిన సంఖ్యను ఎంతమాత్రమూ ఒప్పుకోవు. వెంటనే 'హార్డ్ ఫాల్ట్' అనే స్థితిలోకి పడిపోతాయి. దానికి తగిన ఏర్పాటు ముందుగా చేసి వుండకపోతే పెట్టె అక్కడే బిగుసుకుపోతుంది. వాటి అన్నలయిన ఎం-త్రీ, ఎం-ఫోర్ కొంత ఉదారులు. ఒక్క సంఖ్యను తీసే ఆజ్ఞ అయితే, హద్దు తప్పినా, పనిని రెండు మూడు ముక్కలు చేసి ముగిస్తాయి. ఆ ముక్కలకు పట్టే కాలం మనకు ఖర్చు. రెండు మూడు సంఖ్యలను ఒక్క ఊపులో తీసే ఆజ్ఞలు అయితే వాటికీ ఓర్పు లేదు, ఫాల్టు ఖాయం.

ఈ రెండవ విషయం దగ్గర చాలామంది పడిపోతూ వుంటారు. ప్రోగ్రామును చిప్పు భాషలోకి మార్చే కంపైలరు తెలివిగలది. వేగంగా నడిపించమని దానికి చెబితే, పక్క పక్కన వున్న రెండు సంఖ్యలను వేరు వేరుగా తీసే ఆజ్ఞలను ఒకటిగా కలిపివేస్తుంది. పరీక్ష చేసేటప్పుడు వేగం కోరకుండా నడిపించారు గనుక అంతా బాగుంటుంది. సరుకు బయటికి పంపే రోజున వేగం కోరి తయారుచేస్తే అదే ప్రోగ్రాము కూలిపోతుంది. కంపైలరు చెడ్డదని తిట్టి ప్రయోజనం లేదు. "ఈ చిరునామాలో హద్దు కలిసిన సంఖ్య వున్నది" అని ప్రోగ్రాములో మనం మాట ఇచ్చాం. అది ఆ మాటను నమ్మింది.

సరే, అంకెలు హద్దు ఎందుకు తప్పుతాయి? కంపైలరును దాని మానాన వదిలితే అది ప్రతి సంఖ్యనూ హద్దు కలిపే కూర్చోబెడుతుంది. హద్దు తప్పించేవి సాధారణంగా రెండు కారణాలు. ఒకటి బయటినుంచి వచ్చే సమాచారం. రెండవది చోటు పొదుపు చేయాలనే ఆశ.

మొదటిదానికి మన మిల్లులలో, మోటారు షెడ్లలో రోజూ కనిపించే ఉదాహరణ మోడ్‌బస్. 1979లో మోడికాన్ సంస్థ ఏర్పరచిన ఈ పద్ధతిలోనే నేటికీ ఎన్నో మీటర్లు, డ్రైవులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి. మీటరును "నీ రీడింగు చెప్పు" అని అడిగితే అది పంపే జవాబు ఇట్లా వుంటుంది: మొదట ఒక బైటులో మీటరు నంబరు, తరువాత ఒక బైటులో పని నంబరు, తరువాత ఒక బైటులో ఎన్ని బైట్ల రీడింగు వస్తున్నదో ఆ లెక్క, ఆ పైన రీడింగులు. జవాబును 0వ గదినుంచి పేర్చుకున్నామంటే రీడింగులు 3వ గదిలో మొదలవుతాయి. ఒక్కొక్క రీడింగు రెండు బైట్లు గనుక అవి 3, 5, 7, 9 — అన్నీ బేసి గదులలోనే పడతాయి. ఒక్కటంటే ఒక్కటి హద్దు కలవదు. 1979లో ఆ పద్ధతిని ఏర్పరచినవారి తప్పు ఇందులో లేదు. తీగెమీద బైటు వెంట బైటు పోతుంది. తీగెకు సొరుగులు లేవు. సొరుగులు మన పెట్టెలో వున్నాయి.

ఈథర్‌నెట్ సంగతీ ఇంతే. దాని ముందుమాట 14 బైట్లు: చేరవలసిన చిరునామా ఆరు, పంపినవారి చిరునామా ఆరు, రకం చెప్పేది రెండు. 14ను నాలుగు భాగించదు. అందుచేత దాని వెనుక వచ్చే ఇంటర్నెట్ చిరునామాలు అన్నీ రెండు గదులు పక్కకు జరిగి కూర్చుంటాయి. లినక్స్‌వారు దీనికి చేసిన ఉపాయం మనసుకు హత్తుకుంటుంది. వచ్చే సమాచారాన్ని 0వ గదినుంచి కాక 2వ గదినుంచి పేర్చుతారు. మొదటి రెండు గదులు ఖాళీ. రెండూ పద్నాలుగూ కలిసి పదహారు. ఇంక లోపలి చిరునామాలు చక్కగా హద్దు కలుస్తాయి. రెండు ఖాళీ గదుల ఖర్చుతో పని తీరింది.

మోడ్‌బస్‌కూ ఇదే మందు. జవాబును 1వ గదినుంచి పేర్చితే, ఒక్క గది ఖాళీ వదిలితే, రీడింగులు 4వ గదిలో మొదలవుతాయి. ఒక్క బైటు ఖర్చు. ఇంకొక సంగతి మరువరాదు. మోడ్‌బస్ పెద్ద భాగాన్ని ముందు పంపుతుంది. మన చిప్పులు సాధారణంగా చిన్న భాగాన్ని ముందు వుంచుకుంటాయి. కాబట్టి హద్దు కలిసినా బైట్లను తిరగవేయాలి. కార్టెక్స్ చిప్పులలో ఆ తిరగవేతకు ఒక్క ఆజ్ఞ వున్నది; దానికి పట్టేది ఒక్క దెబ్బ.

రెండవ కారణం పొదుపు. ఒక రికార్డులో మూడు విషయాలు వున్నాయనుకోండి: ఒక బైటులో యంత్రం స్థితి, నాలుగు బైట్లలో నూలు పొడవు, రెండు బైట్లలో వేగం. మొత్తం ఏడు బైట్లు. ఈ వరుసలోనే వ్రాస్తే కంపైలరు హద్దు కలపడానికి స్థితి తరువాత మూడు గదులు, చివర రెండు గదులు ఖాళీ వదిలి, రికార్డును పన్నెండు బైట్లు చేస్తుంది. ఎనిమిది కిలోబైట్ల జ్ఞాపకశాల వున్న చిప్పులో, అంటే 8,192 గదులలో, ఇట్లాంటివి వెయ్యి రికార్డులు పట్టవు. 12,000 గదులు కావాలి. అప్పుడు పనివాడు 'ప్యాక్డ్' అనే మాట వ్రాసి కంపైలరు నోరు మూయిస్తాడు. రికార్డు ఏడు బైట్లకు కుదించుకుపోతుంది. వెయ్యి రికార్డులు 7,000 గదులలో పడతాయి. ఇక పొడవు చెప్పే సంఖ్య మాత్రం నాలుగు రికార్డులలో మూడింట హద్దు తప్పుతుంది.

ఇంతకంటె మంచి మార్గం వున్నది. వరుస మార్చండి. పెద్దవాటిని ముందు కూర్చోబెట్టండి: మొదట నూలు పొడవు నాలుగు, తరువాత వేగం రెండు, చివర స్థితి ఒకటి. చివర ఒక్క గది ఖాళీ పోతుంది. రికార్డు ఎనిమిది బైట్లు. వెయ్యి రికార్డులు 8,000. హద్దు ఒక్కటీ తప్పదు. పన్నెండుకూ ఏడుకూ మధ్య తగవు తీర్చడానికి ఎనిమిది చాలింది. మిగిలిన 192 గదులలో ప్రోగ్రాము తక్కిన పనులు జరుగవు గనుక, నిజానికి రికార్డులు వెయ్యికి బదులు ఏడు వందలో ఎనిమిది వందలో వుంచుకోవాలి. ప్యాక్డ్ అన్నా కూడా ఎంతో కొంత తగ్గించుకోవలసినదే. పెళ్లి పందిట్లో పెద్ద జంపకానాలు ముందు పరచి, సందులలో చిన్న చాపలు సర్దినట్లుగా ఈ పని వుంటుంది. ఖర్చు లేని పని. ఆలోచన మాత్రం కావాలి.

ప్యాక్డ్ అని వ్రాస్తే ఖర్చు ఎంత? చేతి లెక్క వేద్దాం. ఎం-జీరో చిప్పులో హద్దు కలిసిన సంఖ్యను తీయడానికి ఒక ఆజ్ఞ, రెండు దెబ్బలు. హద్దు తప్పవచ్చునని మనం చెప్పినప్పుడు కంపైలరు ఒక్కొక్క బైటూ విడిగా తీస్తుంది: నాలుగు తీతలకు ఎనిమిది దెబ్బలు. వాటిలో మూడింటిని తమ తమ స్థానాలకు జరపాలి: మూడు దెబ్బలు. తరువాత అతికించాలి: ఇంకొక మూడు. మొత్తం పద్నాలుగు. రెండు చోట పద్నాలుగు, అంటే ఏడింతలు.

ఈ ఏడింతలు ఎక్కడ బాధిస్తాయి? ఊహకు ఒక మోటారు డ్రైవును తీసుకుందాం. చిప్పు సెకండుకు 4 కోట్ల 80 లక్షల దెబ్బలు కొడుతుంది. మోటారు కరెంటును సెకండుకు పదివేల మార్లు కొలిచి సరిచేయాలి. ఒక్కొక్క మారుకు దక్కేవి 4,800 దెబ్బలు. ఆ మారులో ప్యాక్డ్ రికార్డులలోనుంచి నూరు సంఖ్యలు తీయవలసి వస్తే, ఒక్కొక్కదానికి పన్నెండు చొప్పున అదనంగా 1,200 దెబ్బలు పోతాయి. ఉన్న కాలంలో నాలుగవ వంతు, లెక్క చేయడానికి కాక, సొరుగులు లాగడానికే ఖర్చయింది. అప్పుడు యజమాని "చిప్పు చాలడం లేదు, పెద్దది వేయండి" అంటాడు. పెద్ద చిప్పుకు ధర ఎక్కువ. దానికి తగిన బోర్డు మార్చాలి. పరీక్షలు మళ్లీ మొదలుపెట్టాలి. చిన్న కార్ఖానాకు ఇది చిన్న దెబ్బ కాదు. బ్యాటరీమీద నడిచే పెట్టె అయితే, చిప్పు ఎంతసేపు మేలుకుని వుంటే అంత బ్యాటరీ కరుగుతుంది.

లినక్స్ నడిచే పెట్టెలలో మరొక రకం నష్టం చూస్తాం. పాత చిప్పు హద్దు తప్పిన సంఖ్యను నిరాకరించినప్పుడు, కెర్నలు మధ్యలో వచ్చి, ఏ ఆజ్ఞ అడ్డుకున్నదో చదివి, ఆ పనిని తాను చేసిపెట్టి, ప్రోగ్రామును మళ్లీ దారిన పెడుతుంది. చూసేవారికి ఏమీ జరగనట్లే వుంటుంది. ఒక్క ఆజ్ఞతో పోవలసిన పనికి పెద్ద ప్రయాణం జరిగింది. ఏ. ఆర్. ఎం. లినక్స్‌లో ఇట్లా ఎన్ని మార్లు జరిగిందో లెక్క చూపే చోటు ఒకటి వున్నది. ప్రాక్ కింద సి. పి. యు., దాని కింద అలైన్‌మెంట్. పెట్టె కారణం లేకుండా మందగించినప్పుడు అక్కడ ఒక చూపు చూడటం మంచిది. రిస్క్-ఫైవ్ అనే కొత్త వర్గంలో కూడా హద్దు తప్పినవాటిని చిప్పే చేయాలా, వెనుకనుంచి ప్రోగ్రాము చేసిపెట్టాలా అన్నది తయారుచేసేవారి ఇష్టానికి వదిలారు. మద్రాసు ఐ. ఐ. టి.లో రూపొందిన 'శక్తి' ఈ వర్గానిదే. రేపు మన పిల్లలు ఈ వర్గపు చిప్పులు చేతికి తీసుకునేటప్పుడు, వారు తీసుకున్న చిప్పు ఏ రకమో దాని పుస్తకంలో ముందు చదవాలి.

అయితే మేజామీది కంప్యూటరులో ఈ బాధ ఎందుకు తెలియదు? అక్కడి ప్రాసెసరు ఒక్కసారికి 64 బైట్ల వరుసను దగ్గర వుంచుకుంటుంది. ఆ వరుసలోపల సంఖ్య ఎక్కడ మొదలయినా దాదాపు ఖర్చు లేదు. వరుస హద్దు దాటినప్పుడే కొంత ఆలస్యం. మన పిల్లలు మేజామీద వ్రాసి, మేజామీద పరీక్షించి, చిన్న చిప్పులోకి దించుతారు. మేజామీద నూటికి నూరు మార్కులు వచ్చిన ప్రోగ్రాము చిన్న చిప్పులో ఈడ్చుకుంటూ నడుస్తుంది. విశాలమైన రోడ్డుమీద బండి తోలడం నేర్చినవాడు క్రాస్‌కట్ రోడ్డు పక్క సందులలోకి తిప్పినప్పుడు బండి వెడల్పు ఎంతో తెలిసివస్తుంది.

ఇంకొక అపాయం వున్నది. దీన్ని వేగం కంటె ముఖ్యమని మేము తలుస్తాం. ముక్కలు ముక్కలుగా తీసే సంఖ్య మధ్యలో మారిపోవచ్చు. రెండు గదులలో నూలు లెక్క 255 వున్నది. ప్రోగ్రాము చిన్న గదిని చదివింది: 255. అదే క్షణంలో యంత్రంనుంచి సంకేతం వచ్చి లెక్క 256 అయింది. ఇప్పుడు చిన్న గది సున్న, పెద్ద గది ఒకటి. ప్రోగ్రాము పెద్ద గదిని చదివింది: ఒకటి, అంటే 256. రెండూ కలిపితే 511. లెక్క ఎప్పుడూ 511 కాలేదు. 255 అన్నా నిజమే, 256 అన్నా నిజమే. 511 ఏ క్షణంలోనూ నిజం కాదు. హద్దు కలిసి వుంటే ఒక్క తీతలో వచ్చేది. ఈ అబద్ధం పుట్టేది కాదు. ఇది నెలకొకసారో, ఆరు నెలలకొకసారో జరుగుతుంది. షిఫ్టు లెక్కలో తేడా వస్తుంది. సూపర్‌వైజరు పనిమనిషిని అడుగుతాడు. పనిమనిషి తెల్లబోతుంది. కూలి ఆ లెక్కమీద ఆధారపడి వున్న చోట, ఒక గది పక్కకు జరగడంవల్ల ఒకరి మాటకు విలువ పోతుంది. యంత్రం చెప్పింది గదా అని అందరూ యంత్రాన్ని నమ్ముతారు. అందుచేత యంత్రం చేత నిజం చెప్పించే బాధ్యత దాన్ని తయారుచేసినవారిది.

ఇంత చెప్పి, ఒక హెచ్చరిక కూడా చేయాలి. ఈ సూత్రం విన్న ఉత్సాహంతో ప్రతి ప్రోగ్రామునూ విప్పి పోయవద్దు. పైన చెప్పిన మోడ్‌బస్‌నే చూడండి. సెకండుకు 9,600 బిట్ల వేగంతో, ఒక్కొక్క బైటుకు పదకొండు బిట్ల చొప్పున వచ్చేటప్పుడు, ఒక్క బైటు రావడానికి వెయ్యి మైక్రోసెకండ్లకు పైగా పడుతుంది. హద్దు తప్పిన ఒక సంఖ్యకు చిప్పులో పట్టే అదనపు పన్నెండు దెబ్బలు ఒక మైక్రోసెకండులో నాలుగవ వంతు. అక్కడ వేగం కోసం తాపత్రయపడటం, ఏనుగు పోయే దారిలో చీమ బరువు తూచడం. అక్కడ చూడవలసినది ఫాల్టు రాకుండా వుండటమూ, లెక్క నిజంగా వుండటమూ. వేగం చూడవలసినది సెకండుకు వేలమార్లు తిరిగే చోట. ముందు కొలవండి, తరువాత మార్చండి. సిట్రాలో నూలును గురించి అనుసరించే నియమమే ప్రోగ్రాముకూ వర్తిస్తుంది: కొలత లేకుండా మాట లేదు.

ఆచరణకు ఐదు మాటలు చెప్పి ముగిస్తాం.

మొదటిది, రికార్డులలో పెద్ద సంఖ్యలను ముందు, చిన్నవాటిని తరువాత కూర్చండి.

రెండవది, ప్యాక్డ్ అన్న మాటను తీగెమీద వచ్చే సమాచారానికి, శాశ్వతంగా వ్రాసిపెట్టే రికార్డుకు మాత్రమే వాడండి. సమాచారం లోపలికి రాగానే హద్దు కలిసిన రికార్డులోకి ఒక్కసారి మార్చుకోండి. ఆ తరువాత వెయ్యిసార్లు అక్కడినుంచే చదవండి. వీధి గుమ్మం దగ్గర కాళ్లు కడుక్కుని ఇంట్లోకి వచ్చినట్లు.

మూడవది, బైట్ల వరుసమీద బలవంతంగా పెద్ద సంఖ్య అని ముద్ర వేసి చదవవద్దు. మెమ్‌కాపీతో నకలు తీసుకోండి. కంపైలరు తెలివిగలది, చిప్పు ఒప్పుకునేదయితే ఆ నకలును అదే ఒక్క ఆజ్ఞగా మారుస్తుంది, ఒప్పుకోనిదయితే బైట్లవారీగా చేస్తుంది. నిర్ణయం దానికి వదలండి. ఇట్లాంటి బలవంతపు ముద్రలను ఎత్తిచూపే హెచ్చరికను కూడా కంపైలరులో పెట్టించండి.

నాలుగవది, ఎం-త్రీ, ఎం-ఫోర్ చిప్పులలో హద్దు తప్పితే ఫాల్టు చేయించే ఒక బిట్టు వున్నది. పరీక్షల కాలంలో దాన్ని వేసి వుంచండి. ఓర్చుకునే యంత్రం కంటె ఫిర్యాదు చేసే యంత్రం పరీక్షలో మేలు. తప్పులన్నీ బల్లమీదనే బయటపడతాయి, బావిగట్టుమీద పడవు.

ఐదవది, బయటినుంచి వచ్చే సమాచారానికి చోటు కేటాయించేటప్పుడు, లోపలి సంఖ్యలు ఎక్కడ మొదలవుతాయో వేళ్లమీద లెక్కపెట్టి, అవసరమయినన్ని గదులు ముందు ఖాళీ వదలండి.

ఈ ఐదింటిలో ఏదీ డబ్బుతో కొనవలసినది కాదు. పెద్ద నగరాలలో, పెద్ద సంస్థలలో వున్నవారికి పెద్ద చిప్పు వేసుకునే వీలు వుంటుంది. ఒకటి రెండు షెడ్లలో పంపు స్టార్టర్లూ, మీటర్లూ తయారుచేసే మనవారికి ఆ వీలు తక్కువ. వారికి ఆస్తి అల్లా పనిమీది శ్రద్ధే. 1937లో ఇక్కడ మోటారు చేసినవారికి కూడా పై ఊళ్లనుంచి వచ్చిన ఆస్తి ఏమీ లేదు. విప్పి చూసి, కొలిచి, మళ్లీ బిగించే ఓపిక వున్నది.

ఒక మాట భాషను గురించి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు — ఇది మన పిల్లల దినచర్య. ఆఫీసు సంగతి ఇంట్లో చెప్పడానికి తెలుగులో మాటలు లేవని వారు అనుకుంటారు. ఈ సాయంకాలం గది అన్నాం, సొరుగు అన్నాం, హద్దు అన్నాం. మన అవ్వలు రోజూ వాడే మాటలే. బైటు, కంపైలరు వంటివి మోటారు, మిల్లు వచ్చినట్లే వచ్చి మనలో కలిశాయి. తల్లికి చెప్పగలిగినంత స్పష్టంగా తెలిసినవాడికి పని కూడా స్పష్టంగా తెలుస్తుందని మా నమ్మకం. పిల్లలు ఈ ఉగాదినాడు ఇంటికి పోయి, తాము చేసే పెట్టె లోపల ఏమి జరుగుతున్నదో అమ్మకూ అవ్వకూ ఒకసారి చెప్పి చూడాలని కోరుతున్నాము. వారు అడిగే ప్రశ్నలలో మంచి ప్రశ్నలు వుంటాయి.

 కొత్త సంవత్సరంలో మీ ఇళ్లు చల్లగా, మీ యంత్రాలు నిక్కచ్చిగా నడవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.